రేవు సందులో పోటు

ఒక ఊళ్ళో ఏళ్ళ తరబడి తిరిగితే ఆ ఊరు తెలిసిపోయినట్టే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. పొద్దున్నే రేపల్లెలో చేపల గంపతో బండెక్కడం, తెనాలిలో దిగడం, పాత మార్కెట్టు గోడ నీడలో కూర్చుని అమ్ముకోవడం, సరుకు అయిపోగానే తిరుగు బండి పట్టుకోవడం. ఇదీ నా ఉద్యోగం. ఉద్యోగమంటే నవ్వేవాళ్ళు నవ్వండి. సెలవు లేదు, పెన్షను లేదు. ఆలస్యంగా వెళితే ఆఫీసరైనా ఊరుకుంటాడేమో గానీ చేప ఊరుకోదు. పెళ్ళయిన ఏడాదే నెత్తికెత్తుకున్న గంపను మోకాళ్ళు మొండికేశాకే దించాను.

ఇప్పుడు మా ఊరి కుర్రకారు మోటారుసైకిలుకి ఐసుపెట్టె కట్టుకుని, ఫోన్లో ఆర్డర్లు తీసుకుని అమ్ముతున్నారు. మంచిదే. వాళ్ళలో కొందరు నా దగ్గరికొచ్చి, తెనాల్లో చోటెక్కడ బాగుంటుంది మామ్మా అని అడుగుతుంటారు. చోటు ఒకళ్ళు చెబితే దొరికేది కాదు, కాళ్ళతో వెతుక్కోవాలి అంటాను. వాళ్ళకది ముసలిదాని చాదస్తంలా వినిపిస్తుంది. అందుకని మేము చోటు వెతుక్కున్న సంగతి, వెతుక్కుని కూడా బోల్తా పడ్డ సంగతి మొదట్నుంచీ చెబుతాను.

మేము ఆరుగురం. అందరిదీ రేపల్లె అవతల సముద్రపు ఒడ్డే. ఒక్క అక్క పుట్టిల్లు మాత్రం బాపట్ల వైపు, కోడలిగా మా ఊరొచ్చింది. నాకంటే పెద్దది కాబట్టి అక్క అనేదాన్ని, చుట్టరికమేమీ లేదు. ఒకసారి తెనాలి స్టేషన్లో గంపతో దిగుతూ జారి పడింది. మెడ ఎముక దెబ్బతింది. ఇక నెత్తిన బరువు పెట్టావంటే మంచం దిగవని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పటినుంచి ఆమె సరుకు మేమే తలా కాస్త మా గంపల్లో వేసుకుని తెచ్చి, ఇక్కడికొచ్చాక ఆమె గంపలోకి సర్దేవాళ్ళం. ఆమె కత్తిపీట ముందేసుకుని కూర్చునేది. చేప కొయ్యడంలో ఆమెకు సాటి మాలో ఎవరూ లేరు. మొగుడికి చూపు మందగించి వేట మానేశాడు. ఆ ఇల్లు గడిచేది ఆ కత్తిపీట మీదే.

అలాంటప్పుడు మార్కెట్టు గోడ పడగొట్టి కొత్త షాపులు కడతారని కబురొచ్చింది. ఎవరూ మమ్మల్ని కసరలేదు. ముందుగానే చెప్పి, ఎండలు ముదిరేలోగా వేరే చోటు చూసుకోమన్నారు. మాలో అయిదుగురికి దిగులు లేదు. చోటు లేకపోతే మా అత్తల కాలంలోలా ఇంటింటికీ తిరుగుతాం. తిరగలేనిది అక్క ఒక్కతే. కూర్చునే చోటు పోతే ఆమె వ్యాపారం పోయినట్టే.

ఆ సంగతి మాకంటే ముందే ఆమెకు తట్టింది. బండి భట్టిప్రోలు దాటాక కిటికీలోంచి చూస్తూ, "మీరు తిరగండే. నేను ఇంటికాడ ఎవరిదగ్గరన్నా నెత్తళ్ళు ఎండబెట్టే కూలికి పోతాలే" అంది.

సొంత సరుకు అమ్ముకునే మనిషి ఒకళ్ళ ఇసకలో వంగి కూలికి చేపలు ఆరబోయడమేంటని నాకు ఒళ్ళు మండింది. "నోరు మూసుకుని కూర్చో. చోటు నేను చూస్తాను" అన్నాను. అన్నానే గానీ ఎక్కడ చూడాలో తెలియక, తెనాలి వచ్చేదాకా నోరు మూసుకుంది నేనే.

ఆ రోజు నుంచి సరుకు అయిపోగానే ఖాళీ గంప అక్క దగ్గర పెట్టి, తిరుగు బండి వేళ దాకా ఊరు మీద పడ్డాను. ఆటో ఎక్కలేదు. ఆటో ఎక్కి చూసేవాడికి ఊరు కనపడదు, ఆటోవాడి వీపు కనపడుతుంది. ఒక్కో రోజు ఒక్కో బజారు పట్టుకుని చివరిదాకా నడిచి, అక్కడ ఏ సందు కనపడితే ఆ సందులో దూరేదాన్ని.

అప్పుడు చూశాను తెనాలిని. ఒక సందు తిరగ్గానే ఎదురుగా మనుషుల తలకాయలు, వరసగా బల్ల మీద, మొండాలు లేకుండా. రెండడుగులు వెనక్కి వేశాను. చూస్తే విగ్రహాలు చేసే షెడ్డు. ఆ పక్కనే పాత ఇనప సామాను కుప్పపోసి గుర్రాన్ని తయారు చేస్తున్నారు. ఇంకో చోట డాబా మీద దండేనికి కిరీటాలు వేలాడుతున్నాయి, గదలు గోడకానించి ఉన్నాయి. నాటకాలకి దుస్తులు అద్దెకిచ్చే ఇల్లట, వాన వెలిశాక ఎండబెట్టారు. రెండు మేడల మధ్య మనిషి పక్కవాటుగా నడిస్తేనే పట్టే దారి ఒకటుంది. అది దాటితే లోపల మల్లెపాదులు, బావి, బావి గట్టు మీద మినుములు చెరుగుతూ ఒక ముసలమ్మ. పక్కనే బస్సులు హారన్లు కొడుతున్నా ఆమెకు పట్టలేదు. ఇన్నాళ్ళూ ఈ ఊరి వాకిట్లో కూర్చుని ఇల్లు చూడకుండా వెళ్ళిపోయానే అనిపించింది.

చూడముచ్చటగా ఉంటే సరిపోదు. చేపలమ్మే చోటుకి మధ్యాహ్నం దాకా నీడ కావాలి, నీళ్ళు కావాలి, జనం నడిచే దారి కావాలి. ఈ మూడూ చూసుకుని ఒక చోటు పట్టాను. రెండు గోడౌన్ల మధ్య పైన రేకులు కప్పిన దారి. చల్లగా గుహలా ఉంది. పంపు కూడా ఉంది. గోడౌను గుమాస్తాని బతిమాలి ఒప్పించాను. అందరినీ తీసుకెళ్ళి కూర్చోబెట్టి, చూశారా అన్నట్టు చూశాను.

అక్కడ ఎక్కువ రోజులు నిలవలేదు. కడిగినంత కడిగినా వాసన అలాగే ఉండిపోయిందని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా వచ్చారు. మా ముక్కులకి ఏమీ తెలియలేదు. పుట్టినప్పటినుంచీ చేపల మధ్య ఉన్నవాళ్ళం, వాసనంటే మాకు ఊదొత్తులది, కిరసనాయిలుది. వాళ్ళు చెప్పాక గానీ అర్థం కాలేదు, ఆ దారికి గాలి లేదు. గుహలా ఉందని సంబరపడింది నేనే కదా. మాలో చిన్నది, మాటకు ముందు నవ్వేది, బండిలో ఊరంతా వినేలా, "వదిన ముక్కు నమ్ముకుని చోటు వెతికితే ఇట్టాగే ఉంటది" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అయితే ఆ రోజు నుంచి ఏ సందుకెళ్ళినా ముందు పైట కొంగు వదిలి గాలి ఎటు లాగుతుందో చూసేదాన్ని.

మార్కెట్టు గోడ పడగొట్టేశారు. అక్క కొన్నాళ్ళు ఇంటి దగ్గరే ఉండిపోయింది. మేము ఇంటింటికీ తిరుగుతున్నాం. ఒకరోజు కూరగాయలమ్మే ఆవిడని ఒక ఇల్లెక్కడని అడిగితే, "రేవు సందు దాటాక రెండోది" అంది.

కాళ్ళు ఆగిపోయాయి. రేవన్న మాట మాది. పడవ కట్టే చోటుని రేవంటాం, అక్కడ పుట్టి అక్కడ పెరిగాం. తెనాలి నడిబొడ్డున రేవేంటి? అడిగితే ఆవిడకీ తెలియదు, అందరూ అలాగే అంటారంది. సందులోకి వెళ్ళాను. రెండు పక్కలా ఇళ్ళు, చివర తుమ్మమొక్కలు, చెత్త గుట్ట. అంతే. ఇనప కుర్చీలో ఒక పెద్దాయన పేపరు చదువుకుంటున్నాడు. ఒకప్పుడు మిల్లులో పనిచేసి మానేసిన మనిషని తరవాత తెలిసింది.

"దీన్ని రేవు సందని ఎందుకంటారండి బాబాయిగారూ?"

"రేవుంది కాబట్టి" అన్నాడు, పేపరు దించకుండా.

ఎక్కడుందని అడిగితే చెత్త వైపు వేలు చూపించాడు. ఆ వెనక కాలువ ఉందట. ఆయన చిన్నప్పుడు దుగ్గిరాల పసుపూ, మిల్లుల బియ్యం బస్తాలూ పడవల మీద తిరిగేవట. నిజాంపట్నం వైపు నుంచి ఉప్పూ, ఎండుచేపలూ ఈ మెట్ల మీదే దింపేవారట. లారీలొచ్చాక పడవలు పోయాయి, పడవలు పోయాక మెట్లని జనం మర్చిపోయారు. పేరొక్కటీ మిగిలింది.

చీర ఎగ్గట్టి ముళ్ళలో దిగాను. నిజంగానే రాతిమెట్లు. పైన వెడల్పాటి గట్టు, దాని కింద ఒకదాని కింద ఒకటి పెద్ద పెద్ద మెట్లు. ఎండాకాలం కదా, కాలువ ఎండిపోయిందనుకున్నాను. అడుగున బురద తప్ప నీళ్ళు లేవు. అవతలి ఒడ్డున చింతచెట్ల నీడ ఇటు దాకా పడుతోంది. పక్కనే బోరింగు పంపు. కొంగు వదిలాను. గాలి ఇళ్ళ వైపు నుంచి కాలువ మీదకి లాగింది. ఇంక చాలనుకున్నాను.

అమ్మకం తక్కువుండే రోజులు చూసి ఆరుగురం కలిసి శుభ్రం చేశాం. అక్క కూర్చునే ముళ్ళు నరికింది. సందు చివరి మేడలో ఉండే అమ్మగారు పైనుంచి చూసి, చేపలా, ఇక్కడా, వీల్లేదంది. ఆవిడ భర్త ఏదో కాలేజీలో పంతులు. నేను మెట్లెక్కి వెళ్ళలేదు, కిందనుంచే మాట్లాడాను. పొలుసూ పేగులూ కాలువలో వెయ్యం, డబ్బాలో మూతపెట్టి మాతోనే పట్టుకుపోతాం, మధ్యాహ్నానికి కడిగేసి లేచిపోతాం, చెత్త గుట్ట పోయిన లాభం మీది అన్నాను. ఒక నెల చూస్తానంది. చూడండన్నాను.

ఇక్కడ మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. నెత్తి మీది నిండు గంప ఒక్కరే దించుకోలేరు, ఇంకో మనిషి చెయ్యి వెయ్యాలి. కొత్త చోటుకి వెళ్ళినప్పుడు ఎవరి గంప ఎక్కడ దించితే అది వాళ్ళ చోటు. దాని మీద తగువు ఉండదు, వంతులుండవు. ఆ చోటు మారాలంటే దించిన మనిషి చేత్తోనే మళ్ళీ ఆ గంప ఎత్తాలి తప్ప, ఇంకెవరూ ఆమెని జరగమనకూడదు. మొదటి రోజు దించింది నేనే. అక్క మెట్లు దిగలేదని ఆమె గంప పైన గట్టు మీద పెట్టాను. ఇంకో ముగ్గురివి దాని పక్కన పట్టాయి. నవ్వేదాని గంప కింది మెట్టు మీద పెట్టాను. చివరికి నా గంప దించడానికి అది చెయ్యి వేసింది. నాకు అడుగు మెట్టు దక్కింది. చల్లగా బాగుందనుకున్నాను.

రోజూ కొనే పాత వాడుకలంతా వెతుక్కుంటూ వచ్చారు. అక్క కత్తిపీట ముందు జనం నిలబడటం చూసి నాకు కడుపు నిండింది. ఆ నెలంతా మేడ మీది అమ్మగారు ముక్కు మూసుకోలేదు, కానీ దిగి వచ్చి చేప కొన్నదీ లేదు.

నెల గడిచాక ఒక పొద్దున వెళ్ళేసరికి నా మెట్టు తడిగా ఉంది. చూస్తుండగానే సన్నగా నీళ్ళొచ్చి అంచుని తాకాయి.

"పోటు" అంది అక్క పైనుంచి.

నేను తిథి లెక్కేశాను. అష్టమి. అష్టమి నాడు పోటెంత, మెట్టు దాటదు, కాసేపుంటే ఆటు వస్తుంది, తీసేస్తుంది. అదే మాట గట్టిగా చెప్పాను. సముద్రం ఒడ్డు వాళ్ళకి నీళ్ళ గురించి ఎవరు చెప్పాలి? అందరూ తలూపారు. నీళ్ళు మెట్టు మీదకొచ్చాయి. గంప పై మెట్టుకి జరిపి, నవ్వేదాని పక్కన ఇరుకున కూర్చున్నాను. అష్టమి పోటు ఇంతేనే అన్నాను. కాసేపటికి అదీ తడిసింది. అయినా ఇద్దరం లేవలేదు. పాదాలు నీళ్ళలో పెట్టుకుని, ఒళ్ళో కానాగంత చేపలు పెట్టుకుని, ఆటు కోసం చూస్తూ కూర్చున్నాం. కొనడానికొచ్చినవాళ్ళు మమ్మల్ని వింతగా చూసి, గట్టు మీదవాళ్ళ దగ్గర కొనుక్కుని వెళ్ళారు.

పెద్దాయన పేపరు మడిచి గట్టు మీదకొచ్చాడు.

"ఏం చూస్తున్నారమ్మాయ్?"

"ఆటు కోసమండి."

"కాలువకి ఆటేంటి? పొలాలకి నీళ్ళొదిలారు. వరి కోతలయ్యేదాకా ఇంక దిగవు."

మరి ముందే చెప్పలేదేమని అడిగాను. "నీళ్ళ మనుషులు కదా, మీకు తెలీదా అనుకున్నాం" అన్నాడు. ఆ మాటకు నవ్వేది పగలబడి నవ్వింది. ఆ నవ్వు గట్టు మీదికెక్కి, సందులోకి పాకి, మేడ మీదికి వెళ్ళింది. అమ్మగారు పిట్టగోడ పట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వడం చూశాను. సముద్రాన్ని ఎరిగినవాళ్ళమని మురిసిపోయాం కానీ, తలుపులేసి తాళమేసే నీళ్ళుంటాయని మాకేం తెలుసు? ఎవరో ఒక లాకు దగ్గర చక్రం తిప్పితే వచ్చే నీళ్ళకి తిథి ఎందుకు?

నవ్వులయ్యాక అసలు సంగతి తేలింది. కింది మెట్లు పోయాయి. మిగిలిన గట్టు మీద నాలుగు గంపలకే చోటు. నాకూ నవ్వేదానికీ లేదు. అది వయసులో ఉంది, చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, తడి చీర పిండుకుని, గంప పట్టమంది. ఎత్తాను. కేకేసుకుంటూ సందులోంచి వెళ్ళిపోయింది.

నేను నా గంప కోసం వంగబోతుంటే అక్క లేచి నిలబడింది. కత్తిపీట మడిచి గోనెలో చుడుతోంది.

"ఏంటి?" అన్నాను.

"నువ్వు కూర్చో. వెతికినదానివి నువ్వు. నేను ఇంటి దగ్గరుంటా" అంది. ఆమె ముఖంలో కోపం లేదు, ఏడుపూ లేదు. ముందే తీర్మానించుకున్నట్టుంది. గట్టు మీద మిగతా ముగ్గురూ చేపల మీద చెయ్యి పెట్టి, తల వంచుకుని ఉండిపోయారు. ఒక్కరూ మాట్లాడలేదు. మాట్లాడకూడదు కూడా, పద్ధతి అది. ఆమె వంగి తన గంప అంచు రెండు చేతులా పట్టుకుంది. మెడ నరం బిగుసుకోవడం నాకు కనపడింది.

"చెయ్యి తియ్యి" అన్నాను.

"చోటు లేదు కదే."

"ఈ గంప ఇక్కడ నువ్వు దించావా?"

ఆమె గంప అంచు వదల్లేదు.

"నేను దించాను. ఎత్తాలన్నా నేనే ఎత్తాలి. నేను ఎత్తను. ఎత్తమని అడిగినా ఎత్తను. ఇప్పుడు కూర్చుని చేప కొయ్యి, కొనడానికొచ్చినాయన ఇందాకట్నుంచీ చూస్తున్నాడు."

పాతవాళ్ళు పెట్టిన పద్ధతుల్లో సగం నాకు నచ్చవు. అది మాత్రం ఆ పూట పనికొచ్చింది. అక్క మళ్ళీ కూర్చుంది. కత్తిపీట విప్పింది. ఆమె కోసం నేను త్యాగం చేశానని మాలో కొందరు చెప్పుకుంటారు. అదేం కాదు. ఇంకో వారం ఒకే చోట కూర్చుంటే నా నోటికి వాడుకలు సగం మంది పారిపోయేవారు. నడిచే మనిషినే నేను.

నా గంప దించినది వెళ్ళిపోయింది, నా చోటూ మునిగింది కాబట్టి ఎత్తడానికి ఎవరి చెయ్యయినా చాలు. మెడ దెబ్బకి అక్క వెయ్యకూడదు. ముగ్గురూ బేరంలో ఉన్నారు. పెద్దాయనని అడగడం బాగుండదు. గంప ఈడ్చుకుని సందులోకొచ్చేసరికి అమ్మగారు కిందకి దిగి గుమ్మంలో ఉంది, నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చూడ్డానికి.

"ఓ చెయ్యి వెయ్యండమ్మగారూ" అన్నాను.

ఆవిడ గంప వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది. కొంగు నడుముకి దోపుకుని ముందుకొచ్చి, నేర్పున్నదానిలా కాదుగానీ గట్టిగానే పట్టింది. ఇద్దరం కలిసి ఎత్తాం. గంప నెత్తిమీదికొచ్చింది. నేను కదలబోతుంటే, "ఏవమ్మా, చందువా ఉందా?" అంది మెల్లిగా.

ఉందన్నాను. ఇద్దరం కలిసి మళ్ళీ దించాం, వాళ్ళ గుమ్మం పక్కన. ఆవిడ ఏరుకుంటోంది. గట్టు మీదనుంచి అక్క చూసి, కొయ్యడం ఆపి, చాలా రోజుల తరవాత పెద్దగా నవ్వి, "గంప అక్కడ దించేశావే, ఇంక అదే నీ చోటు!" అని అరిచింది.

"ఎందుకు నవ్వుతోంది ఆవిడ?" అంది అమ్మగారు.

"ఏం లేదండి. దానికి పనీపాటా లేదు" అన్నాను. చేపలు కొయ్యడానికి అక్క దగ్గరికే పంపాను. ఆవిడ తిరిగొచ్చాక గంప ఎత్తడానికి ఇంకోసారి చెయ్యి వెయ్యమన్నాను.